సుంకం, మగ్గం, నూలు: తీరాంధ్ర విదేశీ వాణిజ్య చరిత్ర – ఒక పరిశీలన

బాపట్ల జిల్లా చినగంజాం మండలంలోని మోటుపల్లి నేడు ఒక చిన్న తీరగ్రామం. అక్కడి వీరభద్రాలయం వద్ద ఉన్న స్తంభం మీద కాకతి గణపతిదేవుడు శా.శ. 1166లో, అంటే క్రీ.శ. 1244–45లో, వేయించిన శాసనం ఉన్నది. చరిత్రకారులు దానిని అభయశాసనమని పిలుస్తున్నారు. పాఠ్యపుస్తకాలు దానిని ఒక ధర్మప్రభువు దయకు నిదర్శనంగా పేర్కొని ముందుకు సాగిపోతుంటాయి. శాసనంలో దయ అన్న మాట ఉన్నమాట నిజమే. కాని దానితోపాటే ఒక సుంకపు రేటు, సరకుల పట్టిక కూడా ఉన్నాయి. ఆ రెండింటినీ పక్కన పెట్టి దయను మాత్రమే చదవడం వల్ల మన చరిత్రరచన ఒక ముఖ్యమైన ప్రశ్నను చేజార్చుకున్నదని ఈ వ్యాసకర్త అభిప్రాయం.

ఆ ప్రశ్న ఇది: విదేశీ వాణిజ్యానికి తలుపులు తెరిస్తే దేశం సంపన్నమవుతుందా? ఆర్థికశాస్త్రంలో ఈ వాదానికి నేటికీ తెర పడలేదు. తలుపులు తెరిచిన దేశాలు వేగంగా ఎదిగాయని జెఫ్రీ శాక్స్, ఆండ్రూ వార్నర్ 1995లో ప్రతిపాదించారు. వారు వాడిన కొలమానమే సరైనది కాదని, అది వాణిజ్య విధానాన్ని కాక మరెన్నో ఇతర విషయాలను కొలుస్తున్నదని ఫ్రాన్సిస్కో రోడ్రిగెజ్, డానీ రోడ్రిక్ తరువాత ఆక్షేపించారు. ఈ వాదోపవాదాలు ఎక్కువగా 20వ శతాబ్దపు గణాంకాల మీద నడిచినవి. తీరాంధ్రకు మాత్రం ఇందులో ఒక విశేషం ఉన్నది. మోటుపల్లి నుంచి కాకినాడ వరకు ఉన్న ఒకే తీరరేఖ మీద, ఏడు శతాబ్దాలకు పైబడిన కాలంలో, వాణిజ్యద్వారాలు ఒకటికి మూడుసార్లు మూడు వేర్వేరు రీతుల్లో తెరుచుకున్నాయి. వాటిని పక్కపక్కన పెట్టి చూడడం ఈ వ్యాసోద్దేశం.

ముందుగా రెండు మాటల మధ్య భేదాన్ని చెప్పుకోవాలి. ఆర్థికవృద్ధి అంటే మొత్తం ఉత్పత్తి పెరగడం. ఉత్పాదకత అంటే ఒక మనిషి శ్రమకు, ఒక ఎకరం నేలకు, ఒక మగ్గానికి దక్కే ఉత్పత్తి పెరగడం. వంద మగ్గాలు ఉన్న ఊరిలో రెండు వందలు వెలిస్తే అది వృద్ధి. అవే వంద మగ్గాల మీద అదే శ్రమతో ఎక్కువ బట్ట దిగితే అది ఉత్పాదకత. వాణిజ్యం వల్ల మొదటిది జరిగినంత సులభంగా రెండవది జరగదు.

మోటుపల్లి: ముప్పయ్యవ వంతు

గణపతిదేవుని శాసనం పూర్వాచారాన్ని దాచకుండా చెప్పింది. తుపానుకు చిక్కి పగిలి ఒడ్డుకు కొట్టుకువచ్చిన ఓడలలోని బంగారం, ఏనుగులు, గుర్రాలు, రత్నాలు మొదలైన సరకునంతా పూర్వరాజులు బలవంతంగా తీసుకునేవారు. ప్రాణం కంటే ధనమే మిన్న అని తలచి సముద్రయానానికి తెగించిన వర్తకుల కష్టాన్ని గుర్తించి, నియమితమైన సుంకం తప్ప మిగిలినదంతా వారికే విడిచిపెడుతున్నామని రాజు ప్రకటించాడు. చరిత్ర గ్రంథాలలో కూపశుల్కమని ప్రసిద్ధికెక్కిన ఆ సుంకం ఎగుమతుల మీద, దిగుమతుల మీద కూడా ముప్పయ్యింట ఒక వంతు. నేటి లెక్కలో నూటికి మూడు రూపాయల ముప్పయి పైసల చిల్లర.

ఈ రేటు తక్కువ కావడం ఒక ఎత్తు, ముందే తెలిసి ఉండడం మరొక ఎత్తు. ఓడ పగిలినప్పుడు సరకు కాజేసే రాజుకు ఆ ఒక్కసారికి లాభం కలుగుతుంది. ఆ సంగతి విన్న వర్తకుడు మరుసటి ఏడు మరో రేవుకు పోతాడు. వర్తకునికి తుపాను ఒక అపాయమైతే ఒడ్డున కాచుకొని ఉన్న రాజభటుడు రెండవ అపాయం. మొదటిదానిని ఏ రాజూ తొలగించలేడు. గణపతిదేవుడు రెండవదానిని తొలగించి, ఆ మాటను రాతి మీద చెక్కించి, రేవులో అందరూ చూసే చోట నిలిపాడు. సంస్కృతంలోను తెలుగులోను వేయించిన ఆ శాసనంలో ‘దేశ, ద్వీపాంతర’ వర్తకులందరికీ ఒకే మాట, ఒకే రేటు. ఫలానా దేశపు వర్తకునికి ఎక్కువ, ఫలానా వానికి తక్కువ అన్న భేదం లేదు. తరువాతి కథ అర్థం కావడానికి ఈ ఒక్క అంశాన్ని గుర్తుంచుకోవలసి ఉంటుంది.

శాసనంలోని సరకుల పట్టిక చందనం, కర్పూరం, చీనా కర్పూరం, ముత్యాలు, పన్నీరు, దంతం, జవ్వాది, పగడాలు, మిరియాలు, పట్టునూలు వంటి వాటితో నిండి ఉన్నది. ఇవి చాలామటుకు సంపన్నుల వస్తువులు. అయితే అదే పట్టికలో రాగి, సీసం వంటి లోహాలు కూడా ఉన్నాయి. ఇవి నేరుగా వాడుకునేవి కావు, కంచరి కొలిమిలోకి పోయేవి. దిగుమతి అంటే భోగవస్తువు మాత్రమే కాదనీ, మరొక పనివాని చేతికి అందే ముడిసరకు కూడాననీ ఈ రెండు మూడు పేర్లు చెబుతున్నాయి.

మోటుపల్లి వల్ల కాకతీయ రాజ్యం సంపన్నమైందని కొందరు రాస్తుంటారు. ఇది అతిశయోక్తి. ఆనాటి వృద్ధికి పునాది చెరువు. పాకాల, రామప్ప వంటి తటాకాల కింద తెలంగాణ మెట్టనేలలు సాగులోకి రావడమే కాకతీయుల అసలు ఆర్థికబలమని శాసనాల ఆధారంగా సింథియా టాల్బట్ చేసిన పరిశోధన కూడా సూచిస్తున్నది. రేవు ఆ సంపదకు కారణం కాదు, ఆ సంపదకు వెలుపలి ప్రపంచంతో ఉన్న సంబంధం. రుద్రమదేవి ఏలుబడిని ప్రస్తావించిన మార్కోపోలో ఈ రాజ్యాన్ని ‘ముత్‌ఫిలి’ అని రేవు పేరుతోనే పిలవడంలో ఆశ్చర్యం లేదు. ఓడ మీద వచ్చినవారికి కనిపించేది రేవే. అతడు మెచ్చుకున్నవి వజ్రాలు, సాలెగూటి వంటి సన్నని వస్త్రాలు.

1323లో ఓరుగల్లు పతనమయ్యాక కొండవీటి రెడ్లు ఈ రేవును తిరిగి నిలబెట్టడానికి పూనుకున్నారు. 1358 నాటి అనపోతారెడ్డి శాసనం గణపతిదేవుని మాటను మరికొంత ముందుకు తీసుకుపోయింది. వచ్చిన వర్తకులు నిలిచినా, వెళ్లదలచుకున్నా అడ్డులేదు. తెచ్చిన సరకును తమకు నచ్చినవారికి అమ్ముకోవచ్చు. సంతానం లేక మరణించినవారి ఆస్తిని రాజు తీసుకునే అపుత్రిక దండాన్ని వారి విషయంలో విడిచిపెట్టారు. కొన్ని సరకుల మీద సుంకం తగ్గించారు. ఒక శాసనం ఓడకు అభయమిస్తే మరొకటి వారసత్వానికి అభయమిచ్చింది. తరువాతి తరంలో శ్రీనాథుడు హరవిలాసాన్ని అవచి తిప్పయసెట్టికి అంకితమిచ్చాడు. సింహళం, చైనా, హురుముంజి వంటి దూరదేశాల నుంచి ఆ కుటుంబం తెప్పించిన సరకుల ప్రస్తావన ఆ కావ్యావతారికలో ఉన్నది. కావ్యానికి కృతిపతి కాగలిగిన స్థాయికి ఓడవర్తకుడు ఎదిగాడన్నది సాహిత్యచరిత్ర విద్యార్థులకు తెలిసిన విషయమే. దానికి వెనుక ఈ రెండు రాళ్లు ఉన్నాయి.

మచిలీపట్నం: ఫర్మానా

రెండవసారి ద్వారం తెరుచుకున్నది గోలకొండ కుతుబ్‌షాహీల కాలంలో. డచ్చివారు 1605–06 ప్రాంతంలో, ఇంగ్లీషువారు 1611లో మచిలీపట్నంలో వర్తకస్థావరాలు పెట్టారు. వారు వచ్చింది మన బట్టను ఐరోపాకు పట్టుకుపోవడానికి అనుకుంటాం. తొలినాళ్లలో అసలు లక్ష్యం వేరు. మలక్కా దీవులలో లవంగాలు, జాపత్రి కొనాలంటే అక్కడివారు వెండి కంటే కోరమండల్ వస్త్రాన్నే కోరేవారు. కోరమండల్ తీరం మలక్కా దీవులకు ఎడమచేయి వంటిదని హెండ్రిక్ బ్రౌవర్ అనే డచ్చి అధికారి 1612లోనే గుర్తించాడు. పాలకొల్లు, ద్రాక్షారామం, నాగులవంచలలో డచ్చివారు, నరసాపురం పక్కన మాధవాయిపాలెంలో, గోదావరి పాయ మీది ఇంజరంలో ఇంగ్లీషువారు స్థిరపడ్డారు. మాధవాయిపాలెం పేరు ఇంగ్లీషువారి నోట మాదపొల్లామై, ఆ పేరుతో ఒక బట్టే ప్రపంచపు అంగళ్లలో చెలామణి అయింది. ఊరు మరుగునపడినా బట్ట పేరు మిగిలింది.

ఈ గిరాకీ వల్ల ఉత్పత్తి పెరిగిందనడంలో సందేహం లేదు. ఐరోపా కంపెనీలు తమకు అమ్మడానికి తగిన సరకులు లేక వెండి, బంగారం తెచ్చి బట్ట కొన్నాయి. ఆ లోహం దేశంలో పని, ఆదాయం పెంచిందని ఓం ప్రకాశ్ వంటి చరిత్రకారులు నిరూపించారు. గోదావరి డెల్టా నేతపల్లెల మీద జోసెఫ్ బ్రెన్నిగ్ చేసిన పరిశోధన ఈ విస్తరణను పల్లె స్థాయిలో చూపుతున్నది. అయితే ఆ విస్తరణ ఏ తీరులో జరిగింది? కొత్త మగ్గాలు వెలిశాయి. పత్తి దూరప్రాంతాల నుంచి ఎద్దుల మీద వచ్చింది. ఒక్క నేతగానికి నూలు అందించడానికి పలువురు స్త్రీలు రాట్నం తిప్పారు. నిజాంపట్నం ఇసుకనేలల చిరివేరుకు గిరాకీ పెరిగింది. గుంటమగ్గం మాత్రం గుంటమగ్గంగానే ఉన్నది, రాట్నం రాట్నంగానే ఉన్నది. పైన చెప్పుకున్న భేదం ప్రకారం ఇది వృద్ధి. నైపుణ్యానికి కొదవ లేదు, కాని ఒక మనిషి ఒక రోజులో తీయగల నూలు పెరగలేదు.

ఇక్కడ నేతగాడు నిస్సహాయుడన్న చిత్రం మన మనసులో ఉన్నది. అది తరువాతి శతాబ్దపు చిత్రం. 18వ శతాబ్దపు తొలిభాగంలో దక్షిణాది నేతగాడు బయానా తీసుకున్నాక కూడా దానిని తిరిగి ఇచ్చి ఒప్పందం నుంచి తప్పుకోగలిగేవాడని, వర్తకునికి మాత్రం ఆ వీలు లేదని ప్రసన్నన్ పార్థసారథి చూపించాడు. కొనేవారు పలువురు ఉండడమే అతని బలం. డచ్చి, ఇంగ్లీషు, ఫ్రెంచి దళారులు, పారశీక వర్తకులు, స్థానిక కోమట్లు ఒకే సంతలో పోటీపడినంత కాలం వాణిజ్యలాభంలో ఒక వాటా మగ్గం దాకా దిగింది.

దానికి విరుగుడు కూడా ఆ కాలంలోనే మొలకెత్తింది. గోలకొండ సుల్తాను 1632లో ఇచ్చిన ‘బంగారు ఫర్మానా’ ప్రకారం ఇంగ్లీషు కంపెనీ ఏడాదికి 500 వరహాలు కడితే చాలు, రాజ్యపు రేవులలో స్వేచ్ఛగా వర్తకం చేసుకోవచ్చు. మోటుపల్లి శాసనంతో దీనిని పోల్చి చూడాలి. అక్కడ సుంకం సరకు విలువలో ఒక వంతు, అందరికీ ఒకటే. ఇక్కడ ఒక్క కంపెనీకి ఒక మొత్తం. వర్తకం ఎంత పెరిగితే ఆ కంపెనీకి సుంకపు భారం అంత తగ్గుతుంది. అదే రేవులో అదే బట్టను ఎగుమతి చేసే స్థానిక వర్తకుడు మాత్రం సరకు మీద సుంకం కడుతూనే ఉంటాడు. దీనిని వాణిజ్య సరళీకరణ అని పిలవడం సులభం. నిజానికి ఇది సరళీకరణ రూపంలో ఉన్న ప్రత్యేకాధికారం. రాజుకు ఆనాడు అది పెద్ద నష్టంగా తోచి ఉండదు.

మన రేవులు ఇలా తెరిచి ఉండగా అవతలి రేవులు మూసుకున్నాయి. ఫ్రాన్స్ 1686లో రంగుల అద్దకపు బట్టలను నిషేధించింది. ఇంగ్లండు 1700 నాటి చట్టంతో ఆసియా అద్దకపు బట్టలను ధరించడాన్ని, 1721 నాటి చట్టంతో అద్దకపు నూలుబట్టల వాడకాన్ని దాదాపు పూర్తిగా నిషేధించింది. లాంకషైరు నూలు పరిశ్రమ ఈ గోడల చాటున పెరిగింది. తరువాతి కాలంలో స్వేచ్ఛావాణిజ్యాన్ని ప్రపంచానికి బోధించిన దేశం తాను నేత నేర్చుకున్నంత కాలం తలుపు వేసుకొని నేర్చుకున్నదన్న సంగతిని పాఠ్యగ్రంథాలు మరికొంత గట్టిగా చెప్పవచ్చు.

ఏకపక్షపు ద్వారం

1766 తరువాత ఉత్తర సర్కారులు కంపెనీ చేతికి వచ్చాయి. కొనేవాడే పాలకుడు కావడంతో నేతగాని బేరం చేసే శక్తి అంతటితో పోయింది. బయానా తీసుకున్నవాడు మరెవరికీ నేయరాదు. పని పూర్తయ్యే దాకా మగ్గం దగ్గర బంట్రోతు కాపలా, వాని బత్తెం నేతగాని నెత్తిన. ఈ ప్రాంతపు నేతగాండ్ర అర్జీలను, ప్రతిఘటనలను పి. స్వర్ణలత విస్తారంగా అధ్యయనం చేశారు. ఎగుమతులు ఈ దశలోనూ సాగాయి. గణాంకాలు మాత్రమే చూసేవారికి అది వాణిజ్య వికాసంగానే కనిపిస్తుంది.

1813 చార్టరు చట్టం భారతదేశంతో వర్తకంలో కంపెనీ గుత్తాధిపత్యాన్ని రద్దు చేసింది. తీరాంధ్ర ద్వారం మూడవసారి తెరుచుకున్నది. ఈసారి లోపలికి మాత్రమే. ఆ కాలంలో భారతీయ నూలు, పట్టు వస్త్రాల మీద బ్రిటన్‌లో నూటికి 70, 80 వంతుల సుంకం లేకపోయి ఉంటే మాంచెస్టర్ మిల్లులు మొదట్లోనే ఆగిపోయేవని హెచ్.హెచ్. విల్సన్ అనే ఆంగ్ల చరిత్రకారుడే అంగీకరించాడు. అటునుంచి వచ్చే బట్ట మీద ఇక్కడ సుంకం నామమాత్రం. అంతకంటే విడ్డూరం దేశంలోపల ఉన్నది. ఒక ఊరి నుంచి మరో ఊరికి పోయే స్వదేశీ సరకు మీద కట్టవలసిన రహదారి సుంకాలు మద్రాసు రాజధానిలో 1844 దాకా రద్దు కాలేదు. సముద్రం దాటి వచ్చిన బట్టకు ఉన్న స్వేచ్ఛ పక్క తాలూకా బట్టకు లేదు.

దీనికి తోడు మోతుర్ఫా పన్ను. మగ్గాల మీద, వృత్తుల మీద, కొన్నిచోట్ల పనిముట్ల మీద కూడా వేసిన ఈ పన్ను నేతగానికి ముందే ఉన్న భారాన్ని రెట్టింపు చేసింది. మద్రాసు నేటివ్ అసోసియేషన్ 1852లో బ్రిటిష్ పార్లమెంటుకు పంపిన మహజరులో ఈ పన్నును తీవ్రంగా ఆక్షేపించింది. ఆ సంఘ స్థాపకుడు గాజుల లక్ష్మీనరసు చెట్టి తెలుగువాడు, వర్తక కుటుంబంలో పుట్టినవాడు. వారి కుటుంబ వ్యాపారాలలో రుమాళ్లు, నీలిమందు ఉండేవి. అంటే దక్షిణాదిలో తొలి రాజకీయ సంఘం వెనుక ఎగుమతి వర్తకుని ప్రత్యక్షానుభవం ఉన్నదన్నమాట. మన రాజకీయ చరిత్రలు ఆయనను పత్రికాస్థాపకునిగా గుర్తుంచుకున్నంతగా రుమాళ్ల వర్తకునిగా గుర్తుంచుకోలేదు. మోతుర్ఫా 1860ల తొలినాళ్లలో తొలగిపోయింది. 1864 నవంబరు 1 నాటి తుపానులో మచిలీపట్నం ముప్పయి వేల ప్రాణాలు కోల్పోయింది. రేవు క్షీణతకు ఆ తుపానునే కారణంగా చెప్పేవారున్నారు, కాని అది అప్పటికే సగం ఖాళీ అయిన రేవు.

ఇంత మాత్రం చెప్పి ఊరుకుంటే 19వ శతాబ్దపు వాణిజ్యం సర్వనాశనమే అన్న నిర్ణయానికి రావలసి వస్తుంది. గోదావరి డెల్టా అందుకు అంగీకరించదు. 1832–33 నాటి డొక్కల కరువు, ఆపై హెన్రీ మాంట్‌గొమరీ 1844లో రాజమండ్రి జిల్లా దుస్థితిపై ఇచ్చిన నివేదిక తరువాత ఆర్థర్ కాటన్ ప్రణాళికకు ఆమోదం లభించి, 1852 నాటికి ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయింది. ఆ కాలువలు నీరు పారించడంతోపాటు పడవలు నడిపాయి. ధాన్యం డెల్టా పొలం నుంచి కాకినాడ రేవుకు నీటి మీదే చేరింది. ఒక ఎకరానికి పండే పంట పెరిగింది, బస్తా రేవు చేరడానికి అయ్యే ఖర్చు తగ్గింది. ఇది అచ్చమైన ఉత్పాదకత. అయితే దీనిని తెచ్చినది సుంకం తగ్గింపు కాదు, రాతి ఆనకట్ట. విదేశీ గిరాకీ ఆ ఆనకట్టకు ఫలితం దక్కేలా చేసింది. రేవు లేకుంటే ధాన్యం ధర పడిపోయేది, ఆనకట్ట లేకుంటే రేవుకు పంపడానికి ధాన్యమే ఉండేది కాదు. అమెరికా అంతర్యుద్ధకాలంలో పత్తికి గిరాకీ పెరిగినప్పుడు గుంటూరు, కృష్ణా ప్రాంతాల పత్తి ‘కొకనాడాస్’ అనే పేరుతో విదేశాలకు పోయింది. ఒకప్పుడు మాదపొల్లాం బట్టకు పేరిచ్చిన సీమ ఇప్పుడు పత్తిబేళ్లకు పేరిచ్చింది.

నూలు

ఈ కథలో అందరూ దాటిపోయే పాత్ర నూలు. మాంచెస్టర్ బట్ట నేతగానితో పోటీపడింది, మాంచెస్టర్ నూలు వడికే స్త్రీతో పోటీపడింది. రెండింటి ఫలితం ఒకటి కాదు. మిల్లు నూలు రాకతో ఊరూరా రాట్నాలు మూలపడి, లెక్కకందని స్త్రీల సంపాదన పోయింది. ఆ నష్టానికి అర్జీలు లేవు, మహజర్లు లేవు. కాని అదే నూలు నేతగానికి చవకగా, సమంగా, కావలసినంత దొరికింది. చేనేత 20వ శతాబ్దంలోకి బతికి రావడానికి ఇది ఒక ముఖ్యకారణమని తీర్థంకర్ రాయ్ వాదించాడు. తీరాంధ్రలో ఆ శతాబ్దపు తొలి దశాబ్దాలలో ఫ్లై షటిల్ వ్యాపించి, చేతితో నాడె విసిరే పని తగ్గి, మగ్గం వేగం పెరిగింది. మూడు వందల ఏళ్ల ఎగుమతులు మార్చని మగ్గాన్ని చవక నూలు, ఒక చిన్న పనిముట్టు కలిసి మార్చాయి. చీరాల తేలియా రుమాళ్లు అరబ్బు దేశాలకు, ఆఫ్రికాకు పోయిన కాలం ఇదే.

రాయ్ వాదంలో బలం ఉన్నదని అంగీకరిస్తూనే ఒక మాట చెప్పాలి. నేతింటి లెక్కలో రాట్నపు ఆదాయం, మగ్గపు ఆదాయం ఒకే పొయ్యి మీదికి చేరేవి కావు. వడికినవారు చాలామంది నేతకులాల బయటివారు, వితంతువులు, వ్యవసాయకూలీ స్త్రీలు. మగ్గానికి కలిగిన మేలుతో వారి నష్టం భర్తీ కాలేదు.

1991లో పి.వి. నరసింహారావు ప్రభుత్వం చేపట్టిన సంస్కరణలకు ముందు భారతదేశపు సగటు దిగుమతి సుంకం 80 శాతానికి పైగా ఉండగా 1996 నాటికి అది 37 శాతానికి దిగింది. ఆ మార్పును పరిశీలించిన పెటియా టోపలోవా, అమిత్ ఖండేల్వాల్ సుంకాల తగ్గింపు సంస్థల ఉత్పాదకతను పెంచిందని, తయారైన సరకు మీది సుంకం తగ్గింపు కంటే ముడిసరకు మీది సుంకం తగ్గింపు ఎక్కువ మేలు చేసిందని కనుగొన్నారు. మోటుపల్లి పట్టికలోని రాగి, సీసాలను, 19వ శతాబ్దపు నూలును చూసినవారికి ఈ ఫలితం కొత్తగా తోచదు. టోపలోవాయే మరొక వ్యాసంలో, పోటీకి ఎక్కువగా గురైన గ్రామీణ జిల్లాలలో పేదరికం మిగిలిన చోట్లకంటే నెమ్మదిగా తగ్గిందని కూడా చూపించింది.

అదే 1991లో చీరాల సీమకు వచ్చిన కష్టం దిగుమతి వల్ల కాదు, ఎగుమతి వల్ల. మిల్లు నూలు విదేశాలకు పోవడం పెరిగి, దేశంలో చిలపనూలు ధర నేతగానికి అందనంతగా ఎగిసింది. కూలి మాత్రం కదలలేదు. ఆంధ్రప్రదేశ్ నేతపల్లెల ఆకలిచావులు, ఆత్మహత్యలు ఆ ఏడు పత్రికలకెక్కాయి. మిల్లుకు, నూలు వర్తకునికి, దేశపు విదేశీ మారకద్రవ్యానికి ఆ ఎగుమతి లాభమే. నేతగానికి మాత్రం అదే నూలు ముడిసరకు. మిల్లులు తాము తీసే నూలులో ఒక భాగాన్ని చిలపల రూపంలో మగ్గాలకు ఇచ్చి తీరాలన్న నిబంధన కాగితం మీద అప్పటికే ఉన్నది. మోటుపల్లి స్తంభం ఆ మగ్గాలకు కొద్ది దూరంలోనే ఉన్నది.